అద్దె ఇంటి గడప

కిందటి వేసవిలో మా కళాశాల విద్యార్థి ఒకడు స్టాఫురూము గుమ్మం దగ్గర కాసేపు తచ్చాడి, లోపలికి వచ్చి, "మీరు ఇల్లు ఖాళీ చేస్తున్నారా సార్?" అని అడిగాడు. లేదన్నాను. అతను ఇబ్బందిగా ఫోను తీసి నాకొక వీడియో చూపించాడు. కొత్తపేటలో మేము కిరాయికుంటున్న ఇల్లే అది. నా పుస్తకాల బీరువా, మా అమ్మ మంచం పక్కన మందుల డబ్బా, వంటింటి అరలు, దండెం మీద ఆరేసిన బట్టలు, అన్నీ అందులో వున్నాయి. అద్దె పెంపు గురించి మాకూ యజమానికీ మాట తెగని రోజులవి. మేము రెండు రోజులు వూరికి వెళ్లినప్పుడు ఒక ఏజెంటు, యజమాని దగ్గరున్న మారు తాళంచెవి పుచ్చుకుని లోపలికి పోయి యీ చిత్రం తీశాడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఇల్లు వెతుక్కుంటూ తనను అడిగినవాళ్లకల్లా పంపాడు.

యజమానిని అడిగాను. "మీ సామానేమీ పోలేదు కదా సార్!" అన్నాడాయన. ఆయన దుర్మార్గుడు కాడు. ఉద్యోగ విరమణ డబ్బుతో పైఅంతస్తు వేసుకుని దాని అద్దెతో బతుకుతున్న చిన్న మనిషి. పోయినదేమిటో ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. చెప్పబోతే, తెలుగు పాఠాలు చెప్పుకు బతికే నాకూ మాట దొరకలేదు. పత్రికలు వాడే "గోప్యత"లో దాచిపెట్టటం వుంది, దాచిపెట్టేవాడి మీద అనుమానమూ వుంది. "ఏకాంతం"లో ఒంటరితనం వుంది. మా అమ్మ మాత్రం "మనకు మరుగు లేకుండా పోయింది" అన్నది. యీ వ్యాసానికి ఆ మాట చాలు.

యీ మరుగును మన చట్టాలు ఎన్నడైనా పట్టించుకున్నాయా అని వెతకటం మొదలుపెట్టాను. విచిత్రమేమంటే, పాత వలస చట్టాలలోనే కొంత వుంది. 1860 నాటి శిక్షాస్మృతి అక్రమ ప్రవేశాన్ని నిర్వచించినప్పుడు ఆస్తి ఎవరిదని అడగలేదు, ఎవరి స్వాధీనంలో వుందని అడిగింది. 2024 జులైలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితా ఆ నిర్వచనాన్నే నిలుపుకున్నది. అంటే అద్దెకిచ్చిన ఇంట్లోకి యజమాని చొరబడినా నేరం కావచ్చు. కాని నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, చికాకు పెట్టాలనో ఉద్దేశం వున్నట్టు రుజువు కావాలి. ఏజెంటు వచ్చినది బేరానికి. అతని మనసులో మా మీద ఏ ద్వేషమూ లేదు!

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో తీసుకుంది. అద్దె చెల్లిస్తూ షరతులు పాటించే కిరాయిదారు ఏ ఆటంకమూ లేకుండా ఇంటిని అనుభవించవచ్చునని 108వ సెక్షను హామీ ఇస్తుంది. అదే సెక్షను, యజమానినీ అతని ఏజెంట్లనూ "సమంజసమైన వేళల్లో" లోపలికి రానిచ్చి ఇంటి స్థితిని చూడనివ్వాలని కిరాయిదారును ఆదేశిస్తుంది. ఏజెంటుకు మన చట్టంలో గడప దొరికినది అక్కడే. అయితే ఏది సమంజసమైన వేళ? ముందుగా చెప్పాలా? చూడవలసినది గోడల బీటలనా, గోడల మధ్య మనుషులనా? వీటికి ఆ సెక్షనులో సమాధానం లేదు.

స్వాతంత్య్రం తర్వాత మన ప్రాంతంలో అద్దె చట్టాలు ఇళ్ల కొరతలోంచి పుట్టాయి. హైదరాబాదు రాష్ట్రంలో 1954 చట్టం, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక దాని స్థానంలో 1960 చట్టం వచ్చాయి. న్యాయమైన అద్దె ఎంత, ఏ కారణాల మీద ఖాళీ చేయించవచ్చు అన్నవే వాటి ప్రశ్నలు. ఇల్లు ఖాళీ అయితే యజమాని ప్రభుత్వానికి తెలియజేయాలి, ప్రభుత్వం దానిని తన ఉద్యోగులకు కేటాయించవచ్చు అన్నంత దూరం 1960 చట్టం వెళ్లింది. అంత చొరవగల చట్టంలో, మనిషి కాపురమున్న ఇంటి తలుపు యజమాని ఎప్పుడు తట్టాలో చెప్పే మాట నాకు కనిపించలేదు. పోనీ ఆ రక్షణైనా అందరికీ మిగిలిందా? 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్లకిచ్చిన మినహాయింపును 1983లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2005 సవరణ వచ్చి, నగరపాలక సంస్థల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లను చట్టం నుంచి తప్పించింది. ఎల్బీనగర్ పురపాలక సంఘం 2007లో మహానగరంలో కలిసింది. 2018లో మెట్రో రైలు వచ్చింది. 3,500కు యీనాడు ఆ దారి పొడుగునా మంచి గది దొరకటం కూడా కష్టమే. అందుచేత మనమంతా తిరిగి 1882కే చేరాం.

మనవాళ్ల వైపూ చూడాలి. తెలంగాణాలో దొర మనిషి గుడిసె గడప దాటటానికి ఎవరి అనుమతీ అడిగేవాడు కాదు. ఆ అధికారం మీద రైతాంగం తిరగబడింది. 1950 చట్టం పొలం దున్నేవాడికి "రక్షిత కౌలుదారు" అన్న పేరైనా ఇచ్చింది. ఇంటి కిరాయిదారు దగ్గరికి వచ్చేసరికి మనం అద్దె లెక్కతోనే ఆగిపోయాం. గోప్యత అనేది తీరిక గల మధ్యతరగతి బెంగ అని తోసిపుచ్చే అలవాటు మనలో వుంది. ఎంగెల్స్ 1872లో ఇళ్ల సమస్యపై రాస్తూ, కిరాయిదారు-యజమాని సంబంధం కార్మికుడు-పెట్టుబడిదారు సంబంధం వంటిది కాదనీ, అది సరుకు కొనుగోలేననీ వాదించాడు. ఆ వాదన సరైనదే. సరుకు కొనుగోలే అయితే మరీ మంచిది: గుడ్డ అమ్మిన దుకాణదారు నెలకోసారి ఇంటికొచ్చి దానిని విప్పి చూడడు. ఇక్కడ అమ్మిన తర్వాత కూడా అమ్మినవాడి పెత్తనం సరుకు మీద నిలిచి వుంది. ఇది పెట్టుబడి కాదు, అద్దె రశీదు వెనక దాగిన పాత దొరతనం.

ఆ పెత్తనం చూసేది గోడలను మాత్రమే కాదు. వంటింట్లో ఏం వుడుకుతోంది, దేవుడి అరలో ఎవరున్నారు, రాత్రి ఎవరు వచ్చారు అన్నవి చూస్తుంది. ఇల్లు చూపించే ముందే "మీరేమిట్లు?" అని అడిగే ఏజెంటుకు ఆ తర్వాత తనిఖీ ఎంత పనికివస్తుందో దళిత, ముస్లిం మిత్రులు నాకంటె బాగా చెప్పగలరు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో వుండి చదువుకునే మా ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. పడకకు డబ్బు కట్టేవారిని చట్టం సాధారణంగా కిరాయిదారుగా కాక, అనుమతి మీద వున్నవారిగానే చూస్తుంది; కాబట్టి 108వ సెక్షను పాటి హామీ కూడా వారికి అందదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలి జనం చచ్చిపోయాక, అద్దెకుండే ఒంటరి యువకుడు అనుమానితుడైపోయాడు. భయం నిజమైనదే. కాని ఆ భయం పేరు చెప్పి తలుపు తోసే హక్కు యజమానికి కూడా వచ్చినట్టు చెలామణీ అయింది.

రాజ్యం మీద మాత్రం యీ మరుగు న్యాయస్థానంలో గెలిచింది, అందులో తెలుగువాడి చేయి వుంది. అర్ధరాత్రి పోలీసులు తలుపు తట్టి లేపుతున్నారని ఖడక్ సింగ్ వేసిన కేసులో 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ రాత్రి తనిఖీలను కొట్టివేసింది గాని, గోప్యత ప్రాథమిక హక్కు కాదన్నది. రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు విభేదించి, అది వ్యక్తి స్వేచ్ఛలో అవిభాజ్య భాగమని రాశాడు. 1967లో గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చి ఆస్తికి కొమ్ము కాశాడని మనం తిట్టిన సుబ్బారావూ ఆయనే. ఎవరి ఖాతాలో ఏది రాయాలో చరిత్ర మనల్ని అడిగి నిర్ణయించదు. తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఆయన పక్షాన నిలిచింది.

ఆ రెంటికీ నడుమ మన నగరపు కేసు ఒకటుంది. కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తయినా ఆవరణలోకి ప్రవేశించి పత్రాలు తనిఖీ చేయవచ్చునని 1986లో ఆంధ్రప్రదేశ్ స్టాంపు చట్టాన్ని సవరించుకుంది. హైదరాబాదు రిజిస్ట్రారుకూ కెనరా బ్యాంకుకూ నడిచిన వ్యాజ్యంలో 2004 నవంబరులో సుప్రీంకోర్టు దానిని చెల్లదన్నది. గోప్యత చోటును అంటిపెట్టుకుని వుండదు, మనిషిని అంటిపెట్టుకుని వుంటుందని అందులో స్పష్టం చేసింది. మా యజమానికి నేను చెప్పలేకపోయినది సరిగ్గా ఇదే: ఇల్లు ఆయనదే, మందుల డబ్బా ద్వారా బయటపడిన జబ్బు మా అమ్మది.

కలెక్టరు మనిషికి లేని అధికారం యజమాని మనిషికి ఎట్లా వచ్చింది? ఆ తీర్పులన్నీ రాజ్యాన్ని కట్టడి చేసినవి. మారు తాళంచెవి వున్న పౌరుణ్ణి కావు. 2016 రియల్ ఎస్టేటు చట్టం ఏజెంట్లను నమోదు చేసింది గాని, అది అమ్మకాల ఏజెంట్లనే. కిరాయి బ్రోకరు దాని పరిధిలోకి రాడు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మాదిరి కిరాయి చట్టం తలుపు సంగతి ఎత్తింది: ఇరవై నాలుగు గంటల ముందు నోటీసు, అందులో రోజు, వేళ, కారణం, సూర్యోదయానికి ముందూ అస్తమయం తర్వాతా ప్రవేశం లేదు. కాని మాదిరి చట్టం, రాష్ట్రం తనదిగా చేసుకుంటే తప్ప ఎవరినీ కట్టిపడేయదు. పైగా "ఒప్పందంలో పేర్కొన్న ఇతర సమంజస కారణం" అని ఒక కిటికీ తెరిచే వుంచింది. ఒప్పందం రాసేదెవరు? స్టాంపు కాగితం మీద పదకొండు నెలల ఒప్పందం యజమాని తెస్తాడు, మనం సంతకం పెడతాం. నేను సంతకం పెట్టినదాన్ని ఆ వీడియో చూసిన తర్వాతే మొదటిసారి పూర్తిగా చదివాను.

వీడియోను తీసివేయమని ఏజెంటుకు చెప్పాను, తీసేశానన్నాడు. తలుపుకు కొత్త తాళం వేయించాం. ఒకటో తారీఖున అద్దె తీసుకోవటానికి వచ్చినప్పుడల్లా యజమాని దాని మారు తాళంచెవి అడుగుతున్నాడు, మేమింకా ఇవ్వలేదు.