కక్కయ్య అడిగిన రుజువు (దేహం–కులం–చరిత్ర: 9)

మొన్న డిగ్రీ క్లాసులో ఒక విద్యార్థి అడిగాడు. "మేడం, మెదడులో చిప్ పెడుతున్నారు. మనిషికి చావు కూడా లేకుండా చేస్తారంట. అప్పుడు కులం పోతుందా?"

2024 జనవరిలో న్యూరాలింక్ తొలిసారి ఒక మనిషి మెదడులో చిప్ అమర్చింది. శరీర పరిమితుల్ని టెక్నాలజీతో దాటాలనే ఈ ఆలోచన పేరు ట్రాన్స్‌హ్యూమనిజం. మిత్రులారా, దీని గురించి మాట్లాడుకోడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. మా బనగానపల్లె చాలు.

17వ శతాబ్దంలో పోతులూరి వీరబ్రహ్మం ఇక్కడ అచ్చమ్మ ఇంట పశువులు కాశాడని, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశాడని మా ప్రాంతం నమ్మకం. కందిమల్లాయపల్లెలో జీవసమాధి అయ్యాడంటారు. అంటే చావలేదు, మళ్లీ వస్తాడు. చావును దాటాలన్న కోరిక ప్రతి సమాజంలోనూ ఉంది. ఆ కోరికలో ఎవరి దేహానికి ఏ చోటు దక్కింది అన్నది ఆంత్రోపాలజీ ప్రశ్న.

మా జేజి చెప్పిన కథ ఇది. దేహంలో చక్రాలు, వాటిలో దేవతలు ఉన్నారని బ్రహ్మంగారు సిద్ధయ్యకు బోధిస్తుంటే మాదిగ కక్కయ్య విన్నాడు. ఇంటికి పోయి, నిద్రపోతున్న పెండ్లాన్ని కోసి చూశాడు. నెత్తురు, పేగులు తప్ప ఏమీ లేవు. అబద్ధం చెప్పావని స్వామి మీదికి పోయాడు. స్వామి ఆమెను బతికించాడు. కక్కయ్య శిష్యుడయ్యాడు.

భక్తులకు ఇది మహిమ. జేజి మాత్రం "సచ్చిన గొడ్లను కోసినోనికి లోపల ఏముంటాదో తెల్దా?" అనేది. నిజమే. తోలు తీసి, ఎముకా నరమూ ఎరిగిన కులం మాది. కథలో శరీరం గురించి చేత్తో తెలిసినవాడు కక్కయ్యే, మూర్ఖుడైందీ అతనే. మైల అంటే మురికి గురించిన మాట కాదు, సమాజం గీసుకున్న హద్దుల గురించిన మాట అని మేరీ డగ్లస్ 1966లో వివరించింది. ఆ హద్దు తెలివికి కూడా గీస్తారు.

మన తప్పూ చెప్పుకోవాలి. కక్కయ్య రుజువు అడగడం సరైనదే. కత్తి మాత్రం పెండ్లాం మీద పెట్టాడు. మా ఇంట విన్న కథలో ఆమెకు పేరే లేదు. ప్రయోగం ఆమె దేహం మీద, జ్ఞానం మగవాళ్లకు.

1957లో 'ట్రాన్స్‌హ్యూమనిజం' పేరుతో వ్యాసం రాసిన జూలియన్ హక్స్‌లీ, ఆ తర్వాత 1959 నుంచి 1962 దాకా బ్రిటన్ యూజెనిక్స్ సొసైటీకి అధ్యక్షుడు. మేలైన మనుషుల్ని ఎంచి పెంచాలనే వాదం అది. కులాన్ని కూడా రక్తశుద్ధి పేరుతో సమర్థించినవాళ్లు ఉన్నారు. 1936లోనే 'కులనిర్మూలన'లో అంబేడ్కర్ వాళ్లను నిలదీశాడు: పెళ్లి సంగతి సరే, కలిసి తింటే రక్తం ఎట్లా చెడుతుంది?

మా అమ్మ నాపరాళ్ల గనిలో పలకలు మోసింది. వేలిముద్రలు అరిగిపోయాయి. రేషన్ మిషన్ ఆమెను ఎన్నోసార్లు గుర్తుపట్టలేదు. మనిషిని మించిన మనిషి గురించి విన్నప్పుడల్లా నాకు ఆ వేళ్లే గుర్తొస్తాయి.

నేను సైన్సుకు వ్యతిరేకం కాదు. నడవలేనివాళ్లను నడిపించే యంత్రం రావాలి, మ్యాన్‌హోల్‌లోకి మనిషికి బదులు యంత్రమే దిగాలి. కానీ ఆ విద్యార్థికి చెప్పిందే మీకూ చెబుతున్నా: చిప్‌తో కులం పోదు. ప్రయోగం మొదట ఎవరి ఒంటి మీద, ఫలం మొదట ఎవరికి అని ప్రతిసారీ అడగండి. కక్కయ్యలా రుజువు అడగండి. కత్తి మాత్రం ఇంకొకరి ఒంటి మీద పెట్టకండి.

జై భీమ్.