ధమనుల లోపొర - విరామ వ్యాయామము

ధమనులు రక్తమును మోయు గొట్టములు మాత్రమేనని చాలకాలము తలచిరి. 1980లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫర్చ్‌గాట్ ఆ తలంపును మార్చెను. బిగిసియున్న కుందేలు ధమని ముక్కపై ఎసిటైల్‌కోలిన్ వేయగా అది సడలెను; లోపొరను గీకివేసిన పిమ్మట సడలలేదు. ఆ పొర విడుచు నైట్రిక్ ఆక్సైడే సడలింపునకు కారణమని తరువాత తేలెను. 1998లో ఆయనకును, ఇగ్నారో, మురాద్‌లకును నోబెల్ బహుమానము లభించెను.

విరామ వ్యాయామము వేరొకచోట, ఆటస్థలములో పెరిగినది. జర్మనీలో శిక్షకుడు గెర్ష్లర్, హృదయవైద్యుడు రైండెల్ కలిసి, కొంతసేపు వేగముగను కొంతసేపు మెల్లగను పరుగెత్తించు పద్ధతిని రూపొందించిరి. గెర్ష్లర్ శిష్యుడు హార్బిగ్ 1939లో 800 మీటర్లు 1 నిమిషము 46.6 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పెను.

ఈ రెండు పాయలును 2008లో నార్వేలోని ట్రాండ్‌హైములో కలిసెను. లావైన నడుము, రక్తపుపోటు, రక్తములో చక్కెర, క్రొవ్వుల దోషములు ఒక్కరియందే చేరిన జీవక్రియా రుగ్మత గల 32 మందిని అచట మూడు జట్లుగా విభజించిరి. 16 వారములు, వారమునకు 3 మార్లు, ఒక జట్టు ఏకరీతిగా వ్యాయామము చేసెను. రెండవది గుండె గరిష్ఠవేగములో 90 శాతము చేరునట్లు 4 నిమిషములు శ్రమించి, 3 నిమిషములు నెమ్మదించి, ఆ శ్రమను 4 మార్లు చేసెను. మూడవది వ్యాయామము చేయలేదు. చేసిన రెండు జట్లలోను ధమనుల వ్యాకోచము మెరుగుపడెను. విరామ జట్టులో అది ఎక్కువ. వేగముగా పారు రక్తపు ఒరపిడికి లోపొర నైట్రిక్ ఆక్సైడును విడుచుటయే ఇందుకు ముఖ్యకారణమని భావించుచున్నారు.

32 మందితో తుదితీర్పు చెప్పరాదు. మధుమేహము, గుండెజబ్బు కలవారు వైద్యుని అడుగక తీవ్రవ్యాయామము మొదలిడరాదు. ఐనను ధమని ఉత్త గొట్టము కాదు, సజీవమైన అవయవము. శ్రమకు అది బదులు పలుకును.