మేదకమును, జొన్నయంబలియు

మా నారాయణఖేడు 2016 వఱకు మెదకు జిల్లాలోనిది. కౌటిల్యుని యర్థశాస్త్రమున ‘మేదక’ మను పానీయ మొకటి కలదు. పేరు పోలికయే కాని చుట్టఱికము లేదు. ద్రోణము నీటికి అర్ధాఢకము బియ్యమును, మూడు ప్రస్థముల కిణ్వమును, అనగా పులియబెట్టు ముద్దను, చేర్చెడివారు. లెక్కకు 16 పాళ్ల నీటికి బియ్యము 2 పాళ్లే! నాలుగువేల యేండ్లనాడు సుమేరు దేశీయులు యవలతో చేసిన బీరును ఈ తెగలోనిదే. మన జొన్నయంబలియు పులియుటవలననే రుచికెక్కును; రాత్రి కలిపి యుదయమున త్రాగుదుము గాన మత్తునకు చాలదు.

2015 మే నెల వడగాలికి రెండు తెలుగు రాష్ట్రములలో వేయిమందికి మించి మరణించిరి. ఎండవేళ కల్లుగాని బీరుగాని త్రాగినచో మూత్రము హెచ్చి దేహమందలి నీరు తఱుగును. కావున పెద్దలారా, పొలమునకు బోవువారికి ముంతెడు అంబలియు, ఇంత ఉప్పును, ఒక యుల్లిగడ్డయు నిచ్చి పంపుడు. ప్రొద్దుగ్రుంకిన పిదప కల్లు మాట వారి యిష్టము.