పాత వంటిల్లుకు కొత్త ఊపిరి



వంటిల్లు పాతబడింది, పడగొట్టి కొత్తగా కట్టించుకునే స్తోమత ఇప్పట్లో లేదు, ఏం చేద్దాం? ఈ ప్రశ్న మీ ఇంట్లోనూ ఏదో ఒక సంక్రాంతి ముందు వినిపించే ఉంటుంది. మా ఇంట్లో పదేళ్ళుగా వినిపిస్తూనే ఉంది. దానికి జవాబు వెతకబోయి నేను మా వంటింటి చరిత్రలో పడ్డాను. అందులో మీ జిల్లాల చరిత్ర కూడా ఉంది కాబట్టి ఈ నాలుగు మాటలు మీతో పంచుకోవాలనిపించింది.

నేను చెన్నపట్నంలో బడిపంతులమ్మను. పొద్దున తెలుగు పాఠం, మధ్యాహ్నం తమిళ పాఠం చెబుతాను. మా ఇల్లు పురసవాక్కంలో ఒక సందులో ఉంది. ఈ పురసవాక్కం 1693లో ఎగ్మూరు, తండయారుపేటలతో పాటు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన పాత గ్రామం. మా ఇల్లు అంత పాతది కాదు, మా మామగారి తండ్రి కట్టించినది. టేకు దూలాల మీద ఇటుకలను ఏటవాలు వరసల్లో నిలబెట్టి, సున్నంతో బిగించి, పైన ఇటుక ముక్కల గచ్చు వేస్తారే, ఆ మద్రాసు మిద్దె.

ముందు హాలుకు నేను వచ్చాక మూడుసార్లు మరమ్మతు జరిగింది. వంటింటికి మాత్రం ఎప్పుడూ ఒకటే జవాబు, ‘ఇల్లంతా కట్టేటప్పుడు చూద్దాంలే’ అని. అన్నదమ్ముల వాటాలు తేలలేదు, ఇల్లు కట్టడమూ మొదలుకాలేదు. కిందటేడు ఒక ఉదయం మా అత్తగారు తాలింపు వేస్తూ దగ్గు తెరతో గోడకు చేరగిలబడ్డారు. ఆమెకు 76 ఏళ్ళు. దగ్గు ఆగాక నెమ్మదిగా అన్నారు: “ఏమ్మా, మీరు కట్టబోయేది నేను చూస్తానో లేదో. నేనున్నన్నాళ్ళూ ఈ గదిలో ఊపిరాడేట్టు చెయ్యండి, చాలు.”

ఆ ఆదివారమే గోడ గీకడం మొదలుపెట్టాను. పైన నూనె రంగు, దాని కింద పచ్చ డిస్టెంపరు, దాని కింద నీలిమందు కలిపిన సున్నం, ఆ కింద పొర మీద పొరగా తెల్ల సున్నం వచ్చాయి. ఆ తెల్ల పొరల మధ్య సన్నటి నల్లగీతలు కనిపించాయి. అది మసి. ఏడాది పొడుగునా పట్టిన మసి మీద సంక్రాంతికి సున్నం వేసేవారు, మళ్ళీ మసి పట్టేది, మళ్ళీ సున్నం వేసేవారు. చెట్టు మాను కోస్తే వయసు తెలిసినట్టు, గోడ గీకితే ఆ ఇంటి ఆడవాళ్ళు ఎన్నేళ్ళు పొగలో నిలబడ్డారో తెలిసింది.

ఆ సున్నం ఎక్కడిదనుకున్నారు? పాత మద్రాసులో వాడినది చాలావరకు గుల్ల సున్నం. పులికాట్ సరస్సులో, మనవాళ్ళు ప్రళయకావేరి అనే ఆ ఉప్పునీటి సరస్సులో, నత్తగుల్లల నిక్షేపాలున్నాయి. వాటిని కాల్చితే సున్నం వస్తుంది. దానికి గుడ్డు తెల్లసొన వగైరాలు చేర్చి నున్నగా మెదిపితే చలువరాయిలా మెరిసేది. మద్రాసు చునాం అని తెల్లదొరలు మెచ్చుకున్నది దీన్నే. ఆ మెరుపంతా హాళ్ళకు, స్తంభాలకు దక్కింది. వంటింటికి దక్కింది ఉత్త వెల్ల.

ఇక పొయ్యి. మా సందుకు కూతవేటు దూరంలో కొసపేట ఉంది. తమిళంలో కొసవర్ అంటే కుమ్మరులు. మరో పక్క చూళై ఉంది, అంటే ఇటుక ఆవం. ఈ పేర్లే చెబుతాయి, మట్టిపని ఇక్కడ ఎంత పాతదో. ఒక మంట మీద రెండు గిన్నెలు కాగే పక్కకన్ను పొయ్యి, తమిళంలో కొడి అడుప్పు, ఈ ప్రాంతపు ఇళ్ళలో ఉండేది. కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో వచ్చేవి. 1806లో ఎన్నూరు దాకా తవ్విన చిన్న కాలువను, 1876-78 నాటి ధాత కరువులో కూలి పనుల కింద పెంచి, 1878లో అప్పటి గవర్నరు పేరు పెట్టారు. నెల్లూరు తీరపు సరుగుడు తోటల నుంచి, రాకెట్ కేంద్రం రాకముందు శ్రీహరికోట అడవి నుంచి కూడా కట్టెలు ఈ పట్నానికి చేరేవి. సూళ్ళూరుపేట, తడ వైపు వింటున్న శ్రోతలారా, మా అత్తగారి అత్తగారు ఇక్కడ అన్నం వండింది మీ ఊరి కట్టెలతోనే కావచ్చు.

కట్టెలకు పడవలు, బళ్ళు, అడితులు, ఇంత ఏర్పాటు ఉంది. వాటి పొగ బయటికి పోయే దారి గురించి ఎవరు ఆలోచించారు? ఒక ఇంజనీరు ఆలోచించాడు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో పనిచేసిన ఎస్.పి. రాజు గారు 1953లో పొగ లేని వంటిళ్ళ గురించి ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం రాశారు. ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అని పేరు. అచ్చు వేసింది మద్రాసులోని క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ. మద్రాసు ఎవరిదని వాదాలు సాగి, అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన ఏడాది అది. అదే ఏడాది, అదే మద్రాసులో, కోట్లమంది వంటింటి పొగ గురించి ఒక పుస్తకం వచ్చింది. ఏ వాదనలోనూ ఆ పొగ ప్రస్తావన ఉండి ఉండదు.

ఆ పొయ్యి సూత్రం సులభమైనది. మట్టితోనే కట్టాలి. మంట ఒకచోట ఉంటుంది. వేడిగాలి వరుసగా గిన్నెల అడుగున సాగి, చివర గొట్టం గుండా పైకి పోతుంది. వేడిగాలి తేలిక కాబట్టి పైకి లేస్తుంది, లేస్తూ పొగను వెంట లాక్కుపోతుంది. ఇల్లు పడగొట్టనక్కరలేదు. మట్టి, గొట్టం, ఒక కప్పు రంధ్రం ఉంటే సరిపోతుంది.

ఇది అన్ని ఇళ్ళకూ చేరిందా అంటే, లేదు. 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల కార్యక్రమం దేశమంతటా చేపట్టి 2002 దాకా నడిపింది. గొట్టాలు మసితో పూడుకుపోయిన చోట్ల శుభ్రం చేసే దిక్కు లేకపోయింది. గిన్నె ఒక కొలత, పొయ్యి కన్ను ఒక కొలత అయితే పొగ మళ్ళీ గదిలోకే వచ్చేది. వండే మనిషిని అడగకుండా కట్టిన పొయ్యి ఎంత మంచిదైనా మూలన పడుతుంది. ఇప్పటికీ ఇది చిన్న సంగతి కాదు. ఇంట్లోని వంట పొగ, కాలుష్యం వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మరణాలు జరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మా ఇంటి కథకు వస్తాను. గ్యాసు మన దేశపు ఇళ్ళకు 1950లలో బొంబాయిలో మొదలైంది. ఇండేన్ తొలి కనెక్షను 1965లో కలకత్తాలో ఇచ్చారు. మా ఇంటికి వచ్చేసరికి 1983. పేరు రాయించి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే వచ్చిందట. కూర్చుని వండే పొయ్యి పోయింది, నిలబడి వండే గట్టు వచ్చింది. ఆ గట్టు మీద పరిచింది కడప రాయి. తమిళులు కూడా దాన్ని కడప్పా కల్ అనే అంటారు. చెన్నైలో ఏ పాత వంటింట్లో చూసినా గట్టుకు, అలమర అరలకు మన కడప నల్లరాయే కనిపిస్తుంది.

గోడ గీకుతూ కప్పు దాకా వెళ్ళాక, ఒకచోట చతురంగా సిమెంటు మచ్చ కనిపించింది. “అది గవాక్షి అమ్మా,” అన్నారు అత్తగారు. “గ్యాసు వచ్చిన ఏడు మూసేశారు. ఇంక పొగ ఎక్కడిది, వాన నీళ్ళు కారడం తప్ప అన్నారు మీ మామగారు.”

శ్రోతలారా, నాకు అక్కడ కాళ్ళు ఆగిపోయాయి. పొగ పోయిందని పొగ పోయే దారి మూసేశాం. కానీ కాగిన నూనె ఆవిరి, మిరపకాయల ఘాటు, గ్యాసు మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడు, ఇవేవీ ఎక్కడికీ పోలేదు. నలభై ఏళ్ళు కట్టెల పొగ లేదు నిజమే. గాలి కూడా లేదు. డాక్టరు గారు ఆమె ఊపిరితిత్తుల్లో చిన్ననాటి పొగ మిగిల్చిన బలహీనత ఉందన్నారు. దాన్ని నేను తిప్పలేను. గవాక్షిని తెరవగలను.

అందుకే మా పని గాలితో మొదలుపెట్టాం. మేస్త్రీ చేత సిమెంటు మచ్చ తీయించి, కింద నాలుగు పక్కలా గాలి పోయేట్టు గాజు మూత ఎత్తుగా పెట్టించాం. వాన పడదు, గాలి పోతుంది, పైగా పగలు దీపం అక్కర్లేదు. కిటికీకి ఎదురుగోడ మీద ఎత్తులో చిన్న ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించాం. మరో మాట గుర్తుంచుకోండి. వంటగ్యాసు గాలికన్నా బరువు, కారితే నేల మీద నిలుస్తుంది. కాబట్టి నేలకు దగ్గరగా కూడా ఒక చిన్న కంత ఉండాలి. పైది పొగకు, కిందది ప్రాణానికి.

రెండోది గట్టు. మా ఆడపడుచు గ్రానైట్ వేయిద్దాం వదినా అంది. రాయి పగలలేదు, మాసిందంతే. కడప రాయి సున్నపురాయి జాతిది. చింతపులుసు, నిమ్మరసం పడితే మెరుపు తినేస్తుంది, పుల్లటిది ఒలికితే వెంటనే తుడవాలి. పనివాళ్ళ చేత ఒక పూట పాలిష్ పట్టించి, కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే నల్లగా నిగనిగలాడింది. ఎర్ర గచ్చు నేలకూ అంతే, కడిగి ఆరబెట్టి పలచగా నూనె పట్టించాం. దాని మీద టైల్సు పరవలేదు.

మూడోది గోడ. పాత నూనె రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90కి మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలైంది. నాలాగ పొడిగా గీకి తప్పు చేయకండి. నీళ్ళు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పిల్లలను దూరంగా ఉంచి గీకండి. నూనె రంగు మీద సున్నం పట్టదు, అది పూర్తిగా పోవాలి. ఆ తరువాత ముందే చల్లారిన సున్నం నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కాస్త ఉప్పు కలిపి, తడి గోడ మీద పలచగా మూడు పూతలు వేయండి. కంట్లో పడకుండా జాగ్రత్త. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ రాయిలా గట్టిపడుతుంది. క్షారగుణం వల్ల బూజు అంత తొందరగా పట్టదు. అద్దె ఇంట్లో ఉన్నవారు కూడా సున్నపు గోడ అయితే ఇది చేసుకోవచ్చు.

మొత్తం మీద మాకు అయిన ఖర్చు 18,000 రూపాయల లోపు. సగం గవాక్షికి, ఫ్యానుకు పోయింది. కొత్త వంటింటికి ఒక పెద్ద దుకాణంలో చెప్పిన ధర ఇక్కడ చెప్పను, వినేవారికి కూడా దగ్గు వస్తుంది.

పని అయ్యాక అత్తగారు మొదటిరోజు పప్పులోకి తాలింపు వేశారు. ఎండుమిర్చి చిటపటలాడింది. నేను గుమ్మంలో నిలబడి దగ్గు కోసం ఎదురుచూశాను. రెండుసార్లు దగ్గారు, అంతే. దగ్గు పూర్తిగా పోలేదు, పోదు కూడా. ఆమె పైకి, ఆ గాజు మూత వైపు చూసి, “నలభై ఏళ్ళ కిందట నన్ను ఒక్కమాట అడిగి మూసి ఉంటే బాగుండేది” అన్నారు.

శ్రోతలారా, ఆ ఒక్క మాట కోసమే ఈ ప్రసంగం. వంటింటి బాగు ఎప్పుడూ చివరికే మిగులుతుంది, ఎందుకంటే డబ్బు సంచి పట్టుకున్న చేయి, గరిటె పట్టుకున్న చేయి చాలా ఇళ్ళలో వేరు. మీరు ఇల్లు ఎప్పుడైనా కట్టండి, ఎంత గొప్పగానైనా కట్టండి. దానికి ముందు ఈ వారంలో ఒకరోజు తాలింపు వేసే వేళకు వంటింట్లో పది నిమిషాలు నిలబడండి. గాలి ఎటు పోతోందో చూడండి. వండే మనిషిని ఏం కావాలో అడగండి. ఖర్చు లెక్క ఆ తరువాత వేసుకోవచ్చు.

సెలవు.