ఆల్డోస్టిరాన్ రక్తపోటు – అడ్రినల్ శస్త్రచికిత్స చరిత్ర

కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న రెండు అడ్రినల్ గ్రంథుల్లో ఒకటి అదుపు తప్పి ఆల్డోస్టిరాన్ హార్మోనును అతిగా తయారుచేస్తే, ఒంట్లో ఉప్పు నిలిచిపోతుంది, పొటాషియం మూత్రంలో కొట్టుకుపోతుంది. బీపీ పెరిగి మామూలు మందులకు ఓ పట్టాన లొంగదు. ఆ గ్రంథిని తీసివేయడమే ఇక్కడ చెప్పుకునే శస్త్రచికిత్స. జబ్బుకు కాన్ సిండ్రోమ్ అని పేరు.

హార్మోనే ముందు దొరికింది. లండన్‌లో సిల్వియా సింప్సన్, జేమ్స్ టెయిట్ (తర్వాత వీరు దంపతులయ్యారు), స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రజ్ఞులతో కలిసి 1953లో దాన్ని వేరుచేశారు. అదే ఏడు పోలండ్ వైద్యుడు మిహావ్ లితిన్‌స్కీ అడ్రినల్ కణితులకూ రక్తపోటుకూ ఉన్న సంబంధం గురించి రాశారు. పోలిష్‌లో రాయడంతో బయట ఎవరి కంటా పడలేదు.

పేరు దక్కింది అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జెరోమ్ కాన్‌కు. ఉక్కపోతకు సైనికుల శరీరం ఎలా అలవాటు పడుతుందో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన పరిశోధించారు. అలవాటుపడినవారి చెమటలో ఉప్పు తగ్గుతుందనీ, దీనికి అడ్రినల్ హార్మోను కారణం కావచ్చనీ గ్రహించారు. 1954లో 34 ఏళ్ల మహిళ ఆయన దగ్గరికి వచ్చింది. బీపీ ఎక్కువ, కండరాలు కొంకర్లు పోవడం, ఉన్నట్టుండి కాళ్లు చచ్చుబడటం. రక్తంలో పొటాషియం బాగా తక్కువ. ఆమె చెమటలోనూ ఉప్పు తక్కువే. చెమట గురించి అన్నేళ్లు ఆలోచించిన మనిషి కాకపోతే ఆ చిన్న సంగతికి అంత విలువ ఇచ్చేవారా అనిపిస్తుంది. నెలల తరబడి పరీక్షించాక, రెండు గ్రంథులూ తీసేద్దామని డిసెంబరులో ఆపరేషన్‌కు సిద్ధమయ్యారు. సర్జన్ విలియం బామ్ కోసి చూస్తే కుడి గ్రంథిలో కణితి కనిపించింది. దాన్నే తీశారు. ఎడమది మిగిలింది, ఆమె కోలుకుంది.

అప్పటినుంచీ అసలు చిక్కు తీయడంలో కాదు, తప్పు ఏ వైపుదో తేల్చడంలో. 1967లో మొదలైన పద్ధతిలో తొడ దగ్గర సిరలోంచి సన్నని గొట్టం పంపి, రెండు అడ్రినల్ సిరల నుంచీ రక్తం తీసి పోలుస్తారు. ఎడమ సిర కిడ్నీ సిరలో కలుస్తుంది కాబట్టి దొరకడం తేలిక. కుడిది మరీ పొట్టి, నేరుగా మహాసిరలో తెరుచుకుంటుంది. చేయి తిరిగిన రేడియాలజిస్టుకూ అక్కడ గురి తప్పవచ్చు. స్కాన్‌లో కనిపించిన గడ్డ ఒక్కోసారి నిరపరాధి, దోషి రెండో వైపు ఉంటుంది.

1981లో రక్తంలోని ఆల్డోస్టిరాన్‌ను రెనిన్ అనే మరో పదార్థంతో పోల్చే నిష్పత్తి పరీక్ష రావడంతో ఈ జబ్బు అనుకున్నంత అరుదు కాదని బయటపడింది. 1992లో మాంట్రియల్‌లో మిషెల్ గాన్యే బృందం ల్యాప్రోస్కోపీతో (చిన్న రంధ్రాల గుండా) అడ్రినల్ తీసిన వివరాలు ప్రచురించాక పెద్ద కోత అవసరం చాలావరకు పోయింది.

ఫలితాలను అన్నిచోట్లా ఒకే కొలతతో లెక్కించింది మాత్రం 2017లోనే. ఒక వైపు గ్రంథి తీయించుకున్నవారిలో 94 శాతం మందికి హార్మోను, పొటాషియం సర్దుకున్నాయి. మందులు పూర్తిగా మానేసే స్థాయికి బీపీ దిగింది 37 శాతం మందికే. ఏళ్ల తరబడి రక్తపోటుకు గట్టిపడిన రక్తనాళాలు గ్రంథితోపాటు బయటికి రావు కదా. రెండు గ్రంథులూ అతిగా పనిచేసేవారికి సాధారణంగా ఆపరేషన్ చేయరు, స్పైరోనోలాక్టోన్ వంటి మాత్రలే ఇస్తారు.