బతికిన పిల్లలు అడిగిన ప్రశ్న

మెదడువాపు వైరస్ నాడీకణాలతో పాటు మూలకణాలనూ ఎలా దెబ్బతీస్తుందో వెతికిన మానేసర్ ప్రయోగశాల కథ

2005 వర్షాకాలంలో తూర్పు ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ఆసుపత్రి వార్డులు పిల్లలతో నిండిపోయాయి. ముందు జ్వరం, తర్వాత ఫిట్స్, ఆపైన స్పృహ తప్పడం. ఆ ఒక్క ఏడాది ఉత్తరప్రదేశ్‌లో 5,700 మందికి పైగా మెదడువాపు బారిన పడితే, 1,300 మందికి పైగా కన్నుమూశారు. పత్రికలన్నీ ఆ మరణాల గురించే రాశాయి. కానీ ప్రాణాలతో ఇంటికి చేరిన పిల్లల్లో ఎంతోమందికి మాట పోయింది. కొందరికి కాలూ చెయ్యీ బిగుసుకుపోయాయి. బళ్లో ముందుండే పిల్లాడు అక్షరాలు కూడబలుక్కోలేని స్థితికి వచ్చాడు. జ్వరం తగ్గింది, వైరస్ పోయింది. మరి మెదడు ఎందుకు కోలుకోలేదు?

ఈ ప్రశ్న వెంటపడిన శాస్త్రవేత్తల్లో అనిర్బన్ బసు ఒకరు. హర్యానాలోని మానేసర్ దగ్గర, ఆరావళి కొండల చెంత ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో ఆయన ప్రయోగశాల ఉంది. 1999లో ఏర్పడిన ఈ కేంద్రానికి తొలి డైరెక్టర్ విజయలక్ష్మి రవీంద్రనాథ్, మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న జీవరసాయన శాస్త్రవేత్త. మన దేశపు పిల్లల మెదళ్లను దెబ్బతీసే జబ్బులను మన దేశంలోనే లోతుగా శోధించే చోటు ఒకటి దొరకడం ఈ కథలో చిన్న విషయం కాదు.

వరిచేల వెంట వచ్చిన జబ్బు

ఈ జబ్బు పూర్తి పేరు జపనీస్ ఎన్‌కెఫలైటిస్. జపాన్‌లో 1871 నుంచే దీని జాడలు నమోదయ్యాయి. 1924లో అక్కడ పెద్ద ఎత్తున చెలరేగి 6,000 మందికి పైగా సోకింది. 1935లో ఒక మృతుడి మెదడు నుంచి వైరస్‌ను వేరుచేశారు. మన దేశంలో తొలి కేసులు 1955లో, చిత్తూరు జిల్లాకు ఆనుకుని ఉన్న వెల్లూరు ప్రాంతంలో బయటపడ్డాయి. 1973లో పశ్చిమ బెంగాల్‌లోని బాంకురా, బర్ద్వాన్ జిల్లాల్లో విజృంభించింది. ఆ దశాబ్దం చివరికి గోరఖ్‌పూర్ దాకా పాకింది.

నిలువ నీటి వరిమళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ దీన్ని మోస్తుంది. కొంగల ఒంట్లో వైరస్ నిలిచి ఉంటుంది, పందుల ఒంట్లో బాగా వృద్ధి చెందుతుంది. మనిషి ఒంట్లో మాత్రం మరో దోమకు అంటుకునేంత వైరస్ తయారుకాదు. అందుకే ఇది ఒకరి నుంచి ఒకరికి సోకదు. సోకినవారిలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. ఏ 250 మందిలోనో ఒకరికి మెదడుకు ఎక్కుతుంది. అలా ఎక్కినవారిలో మరణాలు 30 శాతం దాకా ఉండొచ్చు. మెదడువాపు వచ్చినవారిలో 30 నుంచి 50 శాతం మందికి నాడీ సంబంధమైన లోపాలు శాశ్వతంగా మిగులుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

తెలుగు నేలకూ ఈ బాధ కొత్త కాదు. 1999 చివర్లో అనంతపురం జిల్లాలో మెదడువాపు పిల్లలను బలితీసుకుంది. 2003 వేసవి చివర్లో ఉత్తర తెలంగాణ జిల్లాలతో పాటు ఉమ్మడి రాష్ట్రంలో 329 మంది పిల్లలకు మెదడువాపు లక్షణాలు కనిపించాయి, 183 మంది చనిపోయారు. ఈసారి కారణం జపనీస్ వైరస్ కాదు, చండీపురా వైరస్ అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తేల్చింది. 1965లో నాగపూర్ దగ్గరి చండీపురా గ్రామంలో తొలిసారి దొరికిన ఈ వైరస్‌ను ఇసుక ఈగలు మోస్తాయి. ఇది నాడీకణాలను ఎలా చంపుతుందో కూడా బసు బృందం తర్వాతి కాలంలో పరిశోధించింది.

రక్షించే కణాలే ముప్పు తెచ్చినప్పుడు

మెదడులో నాడీకణాలతో పాటు మైక్రోగ్లియా అనే కణాలుంటాయి. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో హోర్టెగా వీటిని విడిగా గుర్తించాడు. చనిపోయిన కణాలను తొలగించడం, లోపలికి చొరబడిన క్రిములను ఎదుర్కోవడం వీటి పని. వైరస్ వచ్చినప్పుడు ఇవి చురుకెక్కి, వాపు కలిగించే రసాయనాలను విడుస్తాయి.

2007లో బసు బృందం ప్రచురించిన పరిశోధన ఇక్కడే ఒక ముడి విప్పింది. జపనీస్ వైరస్ సోకినప్పుడు చురుకెక్కిన మైక్రోగ్లియా విడిచే ఆ రసాయనాలే పక్కనున్న నాడీకణాల చావుకూ దారితీస్తున్నాయి. అంటే వైరస్ నేరుగా చంపే కణాలు కొన్ని, దాన్ని తరమబోయిన శరీరం చేతుల్లో పోయేవి మరికొన్ని. వైరస్‌ను అణచే మందు ఒక్కటే చాలదని, వాపును కూడా అదుపు చేయాలని దీంతో అర్థమైంది.

విత్తనాల గాదెలోకి

అయినా అసలు ప్రశ్న మిగిలే ఉంది. కొన్ని కణాలు పోతే పోయాయి, కొత్తవి ఎందుకు పుట్టడం లేదు? ఒకప్పుడు ఈ ప్రశ్నే పుట్టేది కాదు. ఎదిగిన మెదడులో కొత్త నాడీకణాలు పుట్టవని స్పెయిన్ మహాశాస్త్రవేత్త రామోన్ ఇ కాహాల్ 20వ శతాబ్దం మొదట్లో చెప్పిన మాట చాలాకాలం శిలాశాసనంలా నిలిచింది. 1960లలో జోసెఫ్ ఆల్ట్‌మన్ ఎలుకల మెదడులో కొత్త కణాలు పుడుతున్నాయని చూపించినా నమ్మినవాళ్లు తక్కువ. 1992లో కెనడాలో బ్రెంట్ రేనాల్డ్స్, శామ్యూల్ వీస్ ఎదిగిన చిట్టెలుకల మెదడు నుంచి, కొత్త నాడీకణాలుగా మారగల మూలకణాలను వేరుచేసి పెంచాక ఆ పాత నమ్మకం సడలింది.

మెదడు లోపల ద్రవంతో నిండిన గదులు ఉంటాయి. వాటి గోడల వెంట ఈ మూలకణాలు నిలువ ఉంటాయి. చిన్నపిల్లల్లో ఇవి మరింత చురుగ్గా విభజన చెందుతాయి. పంట పోయినా గాదెలో విత్తనాలు మిగిలితే రైతు మళ్లీ చల్లుకోగలడు. 2008లో సులగ్న దాస్, అనిర్బన్ బసు ప్రచురించిన పరిశోధన చెప్పింది ఆ గాదె సంగతే. వైరస్ చిట్టెలుక పిల్లల మెదడులోని మూలకణాలకూ సోకుతోంది. వాటిలో చనిపోయేవి కొన్నే. మిగతావి బతికే ఉంటాయి గానీ విభజన ఆపేస్తాయి. 2017లో ఇదే బృందం ప్రయోగశాలలో పెంచిన మానవ నాడీ మూలకణాల మీద పనిచేసి, వైరస్ ధాటికి కణం లోపల ప్రొటీన్ల తయారీ వ్యవస్థ ఎలా ఒత్తిడికి గురవుతుందో, ఆ ఒత్తిడి కణాన్ని ఎలా చంపుతుందో వివరించింది.

గోరఖ్‌పూర్ నుంచి, అనంతపురం నుంచి ఇంటికి చేరిన పిల్లలు ఎందుకు కోలుకోలేదన్న దానికి ఇక్కడ ఒక బలమైన జవాబు దొరుకుతుంది. ఎదిగే వయసులో మెదడుకు కావాల్సిన కొత్త కణాల సరఫరాయే దెబ్బతింటే, ఆ లోటు జ్వరంతో పాటు పోదు.

మందు కోసం వెతుకులాట

మొటిమల చికిత్సకు వాడే మినోసైక్లిన్ అనే పాత యాంటీబయాటిక్‌కు మెదడులో వాపును తగ్గించే గుణం కూడా ఉంది. జబ్బుపడిన చిట్టెలుకలకు దీన్ని ఇస్తే ఎక్కువ శాతం బతికాయని బసు బృందం 2008లో చూపింది. ఆ ఆశతో లక్నోలోని కింగ్ జార్జ్ వైద్య విశ్వవిద్యాలయంలో రశ్మీ కుమార్ తదితరులతో కలిసి రోగుల మీద పరీక్ష జరిపారు. 2016లో వెలువడిన ఫలితం ప్రకారం మొత్తం మరణాల్లో గణనీయమైన తేడా రాలేదు. ఆసుపత్రిలో తొలి రోజు దాటినవారిలో మాత్రం కొంత మేలు జరుగుతున్నట్టు కనిపించింది. ఎలుకలో నెగ్గిన మందు మనిషిలో అంతగా నెగ్గకపోవచ్చు. ఆ సంగతిని దాచకుండా ప్రచురించడమే సైన్సు మీద మన నమ్మకాన్ని నిలబెడుతుంది.

మూలకణాల పేరు వినగానే మన తల్లిదండ్రుల్లో కొందరు అప్పులు చేసి మరీ ‘స్టెమ్ సెల్ చికిత్స’ ప్రకటనల వెంట పరుగెత్తుతున్నారు. రక్త సంబంధ వ్యాధులు కొన్నింటికి తప్ప, అనుమతి పొందిన క్లినికల్ పరీక్షల బయట ఈ చికిత్స చేయరాదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. మెదడువాపు మిగిల్చిన లోపాలకు సూదితో పోసే మూలకణాలు నేడు రుజువైన వైద్యం కావు. ఫిజియోథెరపీ, మాట నేర్పే శిక్షణ, ఫిట్స్‌కు క్రమం తప్పని మందులు, ఆ పిల్లలను చేర్చుకునే బడి ఇవే ఇప్పటికి మన చేతిలో ఉన్నవి. వాటిని మండల స్థాయికి చేర్చడం ప్రభుత్వాల బాధ్యత.

పోయాక తెచ్చుకోలేనిదాన్ని పోకుండా కాపాడుకోవాలి. అందుకు టీకా ఉంది. 1981లో కర్ణాటకలోని కోలార్‌లో దొరికిన వైరస్ ఆధారంగా పుణె జాతీయ వైరాలజీ సంస్థ, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ కలిసి తెచ్చిన జెన్‌వ్యాక్ 2013లో విడుదలైంది. జబ్బు ఉన్న జిల్లాల్లో బిడ్డకు తొమ్మిది నెలలు నిండాక ఒక డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఉచితంగా ఇస్తారు. మొదటిది వేయించి రెండోది మరిచిపోయే ఇళ్లు ఉంటాయి. మూలకణాల మీద జరిగిన ఈ పరిశోధన అంతా చదివాక ఆ రెండో డోసు విలువ మరింత తెలుస్తుంది. అది బిడ్డ ప్రాణంతో పాటు రేపటి మాటను, నడకను, చదువును కూడా కాపాడుతుంది.