మా అడవి అంచున రేడియో

మా దమ్మపేట ఒకనాటి ఖమ్మం జిల్లాకు తూర్పు అంచు. ఒక దిక్కున పశ్చిమ గోదావరి పొలిమేర, మరొక దిక్కున అడవి, కోయ గూడేలు, భద్రాచలం వైపు పోయే దారులు. కాగితం మీది ఎల్లలు మాకు తరచుగానే మారాయి. 1953లో వరంగల్లు నుండి విడివడి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో తూర్పు గోదావరి నుండి భద్రాచలం ప్రాంతం వచ్చి అందులో కలిసింది. 2016లో మా మండలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి పోయింది. నా బాల్యంలో, అంటే 1970ల నాడు, మా ప్రపంచానికి ఎల్లలు గీసినది మాత్రం రేడియో.

రాజధాని హైదరాబాదే అయినా మా చెవికి దగ్గరిది విజయవాడ. పగటిపూట మీడియం వేవ్ తరంగాలు నేలనంటి సాగుతాయి. దూరం పెరిగినకొద్దీ సన్నగిల్లుతాయి. అందుచేత 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ కేంద్రం మాకు ఖంగుమని పలికేది. హైదరాబాదు గరగరల వెనుక ఎక్కడో ఉండేది. చీకటి పడ్డాక ఆకాశంలోని అయనావరణం ఆ తరంగాలను తిరిగి నేలకు పంపుతుంది. అప్పుడు ఎక్కడెక్కడి కేంద్రాలో వచ్చి ఒకదాని మీద ఒకటి పడేవి.

మా నాన్నగారు రేడియోకు ఏటేటా తపాలా కార్యాలయంలో లైసెన్సు రుసుము కట్టేవారు. ఆ పద్ధతి 1980లలో పోయింది. నీరసించిన బ్యాటరీలను ఎండలో పెట్టి మరి రెండు రోజులు లాగించే విద్య మా ఇంట అందరికీ తెలుసు. తెల్లవారితే భక్తిరంజని, ఆపైన ఢిల్లీ నుండి తెలుగు వార్తలు. మా గడియారం అదే.

సినిమా పాటల కథ వేరు. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాభిమాని. ఆకాశవాణిలో సినిమా పాటకు చోటు లేకుండా చేశారు. శ్రోతలు సిలోనుకు తరలిపోయారు. వారిని వెనక్కి రప్పించడానికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి పుట్టింది. అయినా మా ఇంట సిలోను మోజు తగ్గలేదు. మీనాక్షి పొన్నుదురై గారి తెలుగులో వినవచ్చే అరవ యాస మాకు ఎంతో ముద్దుగా ఉండేది. షార్ట్ వేవులో ఆ గొంతు కెరటంలా లేచి పడేది. పాట మధ్యలో మునిగిపోతే ఆ ఖాళీని మేమే పాడి పూరించేవాళ్ళం.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఇప్పటికీ నన్ను వదలదు. ఇంటి వెనుక మడిలో కోయ ఆడవాళ్ళు నాట్లు వేస్తున్నారు. ఒకామె ఎత్తుకోగా తక్కినవారు అందుకుంటూ, రేల అనే పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తూ పాట సాగుతోంది. నేను అరుగు మీద సిలోను కోసం ముల్లు తిప్పుతున్నాను. సరిగా వినబడక, "కాసేపు ఆపండమ్మా, రేడియో వినబడటం లేదు!" అని కేక వేశాను. ఆపేశారు. నాకు అప్పుడు పదకొండేళ్ళు. వారిలో మా అమ్మ కంటే పెద్దవారున్నారు. మడిలో నీళ్ళ చప్పుడు మిగిలింది. నా పాట వచ్చింది.

సముద్రం దాటి వచ్చే పాటకు చెవి రిక్కించిన నేను, గట్టు అవతలి పాటను అడ్డు అనుకున్నాను. ఆ తప్పు రేడియో మీద వేయలేను. కాని పెట్టెలో నుండి వచ్చినదే పాట అన్న నమ్మకం మా ఇళ్ళలో అలాగే పెరిగింది.

1984లో నాగర్‌కోయిల్‌లో దేశపు తొలి స్థానిక రేడియో కేంద్రం వెలిసింది. 1989లో మా పక్కన కొత్తగూడెంలోనూ ఎఫ్.ఎం. కేంద్రం వచ్చింది. ఊరి గొంతు ఊరికి వినిపించాలన్నదే ఆ ఏర్పాటు ఉద్దేశం. అప్పటికి నేను చదువుకని ఊరు విడిచాను.

ఆనాటి సినిమా పాటలు నాకు ఈనాటికీ వాద్యాలతో సహా కంఠస్థం. నాట్ల మడిలోని ఆ పాట మాత్రం ఒక్క చరణమైనా గుర్తు లేదు. మొన్న ఊరికి పోయినప్పుడు ఆ మడి చోట పామాయిల్ తోట ఉంది. అడుగుదామంటే ఆనాటి వారెవరూ లేరు.